తిరస్కరణ కాగితము తీర్పు కాదు

అంగవైకల్యము గల బిడ్డకు పింఛను కోరి అర్జీ పెట్టుకొన్న చేనేత కుటుంబములు, కచేరీ వారు "లేదు" అనగానే ఇంటికి వచ్చి ఊరకుండుట మన కోలారు జిల్లాలో పరిపాటి ఐపోయినది. ఇది మంచి పద్ధతి కాదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. అర్జీ పెట్టుట ఎంత హక్కో, కాదన్న నిర్ణయముపై పైవారికి అప్పీలు చేసికొనుటయు అంతే హక్కు. ఈ హక్కును మన కుటుంబములు వాడుకొనకపోవుటకు కారణము తెలివితక్కువతనము కాదు. పక్కన నిలుచు మనిషి లేకపోవుటే. ఆ మనిషి స్థానమున సంఘము నిలువవలెనన్నది మా అభిప్రాయము.

ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట, కె.జి.ఎఫ్. ప్రాంతములలో మన ఇంటి మాట తెలుగు, కచేరీ కాగితము కన్నడము. లిపులు రెండును అక్కచెల్లెండ్ర వంటివే ఐనను, కచేరీ భాష చదివి అర్థము చేసికొనుట అందరికీ సాధ్యము కాదు. మగ్గము దిగి ఒకరోజు కచేరీకి పోయిన ఆనాటి కూలి పోవును. నడువలేని బిడ్డను ఎత్తుకొని తల్లియు పోయిన కండెలు చుట్టువారు ఉండరు. మూడుసార్లు తిరిగిన పిదప "మన రాత ఇంతే" అని విరమించుకొందురు. వారిని తప్పు పట్టుటకు మాకు నోరు రాదు. గాని రాతకు ముందు కాగితములోని వ్రాత ఏమున్నదో చూడవలెను గదా.

తిరస్కరణలు రెండు విధములు. మొదటిది వైద్యులది: బిడ్డకు వైకల్యము లేదనియో, ఉన్నను నూటికి నలుబది కంటె తక్కువ అనియో చెప్పుట. రెండవది రెవెన్యూ వారిది: సర్టిఫికెట్టు ఉన్నను, కుటుంబ ఆదాయము ఎక్కువ అనియో, కాగితములలో పేర్లు కలియలేదనియో, నివాసము రుజువు కాలేదనియో పింఛను నిరాకరించుట. ఈ రెంటికిని దారులు వేరు. వైద్యుల నిర్ణయముపై తాసీల్దారు వద్ద మొరపెట్టుకొన్నను, ఆదాయము విషయమై ఆసుపత్రిలో వాదించినను ప్రయోజనము లేదు. ఎక్కడ పోగు తెగినదో అక్కడనే ముడి వేయవలెను.

మొదటి విధమును గూర్చి చట్టము స్పష్టముగా ఉన్నది. 1995 నాటి పాత చట్టములో ఏడు విధముల వైకల్యములే ఉండెడివి. దాని స్థానమున వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఇరువది యొక్క విధములు చేర్చబడినవి. సెరిబ్రల్ పాల్సీ, కండరముల క్షీణత, ఆటిజము, తలసీమియా మొదలైనవి అందులో ఉన్నవి. ఈ చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. సర్టిఫికెట్టు ఇచ్చు అధికారి నిర్ణయము సరికాదని తోచినవారు, రాష్ట్ర ప్రభుత్వము నియమించిన పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చునని ఈ చట్టము 59వ సెక్షను చెప్పుచున్నది. 2017 నాటి నియమముల ప్రకారము, సర్టిఫికెట్టు నిరాకరించినచో కారణములను వ్రాతమూలకముగా తెలుపుట వైద్యాధికారుల విధి. 2021 జూన్ 1 నుండి ఈ సర్టిఫికెట్లన్నియు యు.డి.ఐ.డి. అను ఆన్‌లైన్ పద్ధతిలోనే ఇవ్వబడుచున్నవి; కాబట్టి అర్జీ నంబరు జాగ్రత్త చేసికొనవలెను.

ఇందులో పసిబిడ్డల సంగతి ప్రత్యేకము. ఐదేండ్ల లోపు బిడ్డకు బుద్ధి ఎదుగుదల లోపమున్నచో ఇచ్చు సర్టిఫికెట్టు తాత్కాలికమే. గడువు తీరిన పిదప మరల పరీక్ష చేయించవలెను. గడువు దాటుట వలన పింఛను ఆగినచో అది తిరస్కరణ కాదు. అప్పీలుతో పని లేదు, పునఃపరీక్షకు పోవలెను. గాని పరీక్షనాడు బిడ్డను ఒక్క పావుగంట చూచి నిర్ణయించినారని తల్లిదండ్రులకు తోచినచో, తాము రేయింబవళ్లు చూచుచున్నది కాగితముపై పెట్టుట వారి పని. బిడ్డ తన చేత అన్నము తినగలదా, మెట్లు ఎక్కగలదా, పిలిచిన పలుకునా, మరుగుదొడ్డికి తానే పోగలదా, బడిలో ఉపాధ్యాయులు ఏమనుచున్నారు అన్నవి తేదీలతో వ్రాసి పెట్టవలెను. బడి ఉపాధ్యాయుల ఉత్తరము, పాత చికిత్స చీటీలు, ఎక్స్‌రేలు జతచేయవలెను.

బిడ్డను బిడ్డగానే కొలువవలెనన్న మాట మనము మాత్రమే అనుచున్నది కాదు. అమెరికా దేశములో వికలాంగులైన పేదబిడ్డలకిచ్చు భత్యమును, ఒక జాబితాలోని జబ్బులకు సరిపడినవారికి మాత్రమే ఇచ్చెడివారు. పెద్దలకైతే జాబితాలో లేకున్నను పని చేయగలరా లేదా అని విడిగా చూచెడివారు. పిల్లలకు ఆ అవకాశము లేదు. జీబ్లీ అను బాలుని తరఫున వేసిన కేసులో 1990 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఈ పద్ధతి చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినది. దాని ఫలితముగా వెనుక తిరస్కరింపబడిన లక్షలాది పిల్లల అర్జీలను తిరిగి చూడవలసి వచ్చినది. 1996లో అక్కడి చట్టము మరల బిగిసిన మాటయు నిజమే. ఐనను ఒక్క బిడ్డ కుటుంబము "కాదు" అన్న మాటను అంగీకరించకపోవుట వలన ఎందరికి మేలు కలిగెనో చూడుడు.

ఇక రెండవ విధము, అనగా ఆదాయము. మన వారికి ఎక్కువగా దెబ్బ తగులునది ఇక్కడనే. మా సంఘములోని ఒక కుటుంబము సంగతి చెప్పెదము. పట్టుచీర నేసి ఇచ్చిన లెక్కలో చీర వెల అంతయు నేతగాని ఆదాయముగా ఒక విచారణ కాగితములో వ్రాయబడినది. పట్టు యజమానిది, జరీ యజమానిది. మన సభ్యునికి దక్కినది మజూరీ మాత్రమే. అందులోను పడుగు అతుకువారికి, కండెలు చుట్టువారికి పోవునది పోగా మిగులునది ఎంతో మగ్గము ఎరిగినవారందరికీ తెలియును. ఈ తేడా చూపకపోవుట వలన బిడ్డ పింఛను నిలిచిపోయినది. సంఘము మజూరీ పుస్తకమునుండి పన్నెండు నెలల లెక్క తీసి, కార్యదర్శి సంతకముతో, ముద్రతో ఇచ్చిన పిదప విషయము తిరిగి విచారణకు వచ్చినది. కంపెనీ ఉద్యోగికి జీతపు చీటీ ఉండును. నేతగానికి సంఘము పుస్తకమే జీతపు చీటీ.

అప్పీలు దారి ఎట్టిదో క్లుప్తముగా చెప్పుదుము. కర్ణాటకములో 2011 నాటి సకాల చట్టము 2012 ఏప్రిల్ నుండి నడుచుచున్నది. ఆ చట్టము క్రిందికి వచ్చు సేవలకు నాడకచేరిలో అర్జీ ఇచ్చినప్పుడు సకాల నంబరు గల రసీదు ఇత్తురు. రసీదు లేకుండ అర్జీ ఇచ్చి రాకూడదు. గడువులో పని కాకున్నను, తిరస్కరించినను ముప్పది దినములలో మొదటి అప్పీలు చేసికొనవచ్చును. అక్కడను న్యాయము కాలేదని తోచిన రెండవ అప్పీలు కలదు. ఆలస్యమునకు దినమునకు 20 రూపాయల వంతున, 500 రూపాయలకు మించకుండ పరిహారము అడుగు హక్కు కూడ చట్టములో ఉన్నది. ఆ సొమ్ము కొద్దిదే కావచ్చును; గాని అడిగినచో కచేరీలో ఆ అర్జీ కట్ట పైకి వచ్చును.

అన్నింటికంటె ముందు చేయవలసినది ఒకటి కలదు. తిరస్కరణను నోటిమాటగా తీసికొని రాకూడదు. కన్నడములో "హింబరహ" అందురు. ఆ కాగితము కారణములతో, తేదీతో, సంతకముతో ఇమ్మని అడుగవలెను. అడిగినను ఇయ్యకున్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో అర్జీ వేసి విచారణ కాగితముల నకళ్లు పొందవచ్చును. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ రుసుమును లేదు. కారణము తెలియని అప్పీలు గాలిలో విసరిన నాడె వంటిది. వైద్య విషయమైన అప్పీలుకు గడువెంత, వినువారెవరు అన్నది జిల్లా వికలాంగుల సంక్షేమాధికారి కచేరీలో అడిగి వ్రాసికొనవలెను. ఏదైనను ముప్పది దినములలోపుననే వేయుట క్షేమము. గ్రామ పంచాయతీలలో వికలాంగుల కొరకు పునర్వసతి కార్యకర్తలు ఉన్నారు. వారిని అడుగుటకు సంకోచింపరాదు. వకీలు కావలసినచో వికలాంగులకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము ఇవ్వవలెనని 1987 నాటి న్యాయసేవల చట్టము చెప్పుచున్నది. దానికి జిల్లా న్యాయసేవల ప్రాధికారమున గాని, తాలూకా సమితియందు గాని అర్జీ ఇచ్చిన చాలును.

అప్పీలు చేసిన అధికారులకు కోపము వచ్చునని కొందరు భయపడుదురు. అప్పీలు తగవు కాదు; లెక్క మరల చూడుడని కోరుటయే. దొంగ సర్టిఫికెట్లతో పింఛను తినువారు లేకపోలేదు, అందువలన అధికారులు గట్టిగా విచారించుట న్యాయమే అని మరికొందరు అందురు. మేమును ఒప్పుకొందుము. విచారణ గట్టిగా జరుగవలెను. గాని గట్టి విచారణ యనగా కారణము వ్రాసి ఇచ్చు విచారణ. నిజమైన కాగితములు గల కుటుంబమునకు అట్టి విచారణయందు భయమేల?

మన పక్కనే బంగారు గనుల చరిత్ర ఉన్నది. 2001 ఫిబ్రవరి 28న మూతపడువరకు నూరేండ్లకు పైగా అక్కడ పని జరిగినది. రాతిధూళి వలన వచ్చు సిలికోసిస్ అను ఊపిరితిత్తుల జబ్బుకు మైసూరు సంస్థానములో 1940 ప్రాంతమున పరిహార నియమములు వచ్చినవి. నియమము వచ్చినంతనే పరిహారము చేతికి రాదు. జబ్బు ఉన్నదని కాగితముతో చూపవలెను గదా. గని కార్మికునికి మస్టరు ఉండెను, యూనియను ఉండెను. ఇంటిలో మగ్గము వేసికొన్న మన నేతగానికి ఆ రెండును సంఘమే.

కావున ప్రతి ప్రాథమిక సంఘమును రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ తీర్మానములు చేయవలెనని కోరుచున్నాము. సభ్యుల పిల్లలలో వైకల్యము గలవారి పట్టిక వ్రాసి, అర్జీ, రసీదు నంబరు, తిరస్కరణ తేదీ, అప్పీలు గడువు నమోదు చేయు ఒక పుస్తకము పెట్టవలెను. మజూరీ ధ్రువపత్రము అడిగిన మూడు దినములలో రుసుము లేకుండ ఇవ్వవలెను. కన్నడము చదువ వ్రాయ వచ్చిన ఒక సభ్యుని ఆ కుటుంబముతో కచేరీకి పంపి, ఆనాటి అతని కూలిని సంక్షేమ నిధినుండి ఇవ్వవలెను. ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు.

పోగు తెగినదని పడుగంతయు పారవేసిన నేతగాడు మన కులవృత్తిలో ఎక్కడను లేడు. బిడ్డ పింఛను విషయమునను అట్లే చేయుదము. ఇంటిలో తిరస్కరణ కాగితము మడిచి పెట్టెలో పెట్టుకొన్నవారెవరైన ఉన్నచో, దానిపై తేదీ చూచి, గడువు మిగిలి ఉండగానే సంఘము కచేరీకి తెచ్చి చూపవలెనని మనవి.

— సంఘ కార్యదర్శి