ఋణాన్ని దానమని పిలవవచ్చునా?

మానవుడు జన్మతోనే ఋణగ్రస్తుడని మన శాస్త్రాలు బోధిస్తున్నాయి. దేవ, ఋషి, పితృ ఋణాలను తీర్చుకొనడం దానం కాదు, పుణ్యప్రదర్శన అంతకన్నా కాదు, అది విధి. పర్యావరణ రక్షణ విషయమై సంపన్న, నిర్ధన దేశాల మధ్య సాగుతున్న వివాదానికి కూడా ఈ ఋణభావనయే సరియైన కొలమానమని నా అభిప్రాయం.

1992లో రియో డి జెనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు ఒక సూత్రాన్ని అంగీకరించింది. భూరక్షణ సర్వదేశాలకూ ఉమ్మడి బాధ్యతయే. కాని ఆ భారం అందరికీ సమానం కాదు. ఇది మనకు నూతన భావం కాదు. సామాన్య ధర్మం అందరిదీ. విశేష ధర్మం మాత్రం వారివారి స్థితిని, శక్తిని అనుసరించి ఉంటుంది.

ఈ భేదానికి కారణం స్పష్టమే. పారిశ్రామిక యుగారంభం నుండి బొగ్గు, చమురు వంటి ఇంధనాల దహనం వలన వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగవ వంతు అమెరికా ఒక్కదానిదే. ప్రపంచ ఉద్గారాలలో ఒక శాతం వాటా కూడా లేని పాకిస్తాన్‌లో 2022 నాటి వరదలకు 1,700 మందికి పైగా మరణించారు.

ఇక్కడ జిజ్ఞాసువుకు సందేహం కలుగుతుంది. కర్తయే భోక్త కదా, మరి ఒకరి కర్మకు మరొకరు ఫలం అనుభవించడమేమిటి? "అది వారి ప్రారబ్ధం" అని కొందరు సరిపెట్టుకొంటారు. అది కర్మసిద్ధాంతం కాదు, దాని దుర్వినియోగం. బాధితుని ప్రారబ్ధం ఏదైనా కావచ్చు. బాధ కలిగించినవాని కర్తృత్వం దానివలన తొలగిపోదు.

2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హేగన్‌లో మాట ఇచ్చాయి. 2022లో గాని ఆ మొత్తం పూర్తి కాలేదు. ప్రభుత్వాల ద్వారా వచ్చిన ధనంలో కూడా అధికభాగం అప్పుల రూపంలోనే వచ్చింది. బాకీపడినవాడే తన బాకీదారునికి అప్పిచ్చి, పత్రం వ్రాయించుకొని, దానికి సహాయమని పేరు పెట్టడం ఏ ధర్మం?

అయితే వేలు పరులవైపు చూపి ఊరకుండుట సాధకునికి తగదు. వార్షిక ఉద్గారాలలో భారతదేశం నేడు మూడవ స్థానంలో ఉన్నది. మన తలసరి లెక్క మాత్రం ప్రపంచ సగటు కన్నా తక్కువ. అది తక్కువగా ఉండటానికి కారణం ఎవరు? ఏసీ గదులలో కూర్చొని, రెండు వీధుల దూరానికి కూడా కారెక్కే మనమా? కాదు. మితంగా జీవించే కోట్లాది పేదలు. వారి మితత్వం చాటున మన భోగాన్ని దాచుకొంటూ, అంతర్జాతీయ న్యాయాన్ని గురించి ప్రసంగించడం ఆత్మవంచన.

దేశాల మధ్య ఏ న్యాయం కోరుతున్నామో, మన దేశంలో, మన వీధిలో, మన ఇంటిలో కూడా అదే న్యాయం వర్తించాలి. అధికంగా అనుభవించినవాడు ముందుగా త్యజించాలి. ఋణం తీర్చమని అడిగే అధికారం, తన ఋణాన్ని గుర్తించినవానికే శోభిస్తుంది.