ఏనుగుబొమ్మ కాలు తెంచిన చేయి ఎవరిది?

శీర్షిక చూసి ఏదో నీతిచంద్రిక కథ చెప్పబోతున్నాననుకొనే మిత్రులకు ముందే ఒక మనవి. ఈ టపా వీడియో గేమును గురించినది. ముప్పది నాలుగేండ్లు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ నూరిపోసిన తెలుగు పండితుడికి ఈ వయసులో ఈ యావ యేమిటని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును. నవ్వడం అయిన తరువాత మాత్రం చివరిదాకా చదవండి. ఈ ఆటను ఆకాశానికి ఎత్తేవారితో నాకొక జగడమున్నది.

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనుమరాలు, పదమూడేండ్లది, 'ఇట్ టేక్స్ టూ' అనే ఆటను నా ముందు పెట్టింది. స్వీడన్ దేశంలోని హేజ్‌లైట్ స్టూడియోస్ వారు జోసెఫ్ ఫారెస్ దర్శకత్వంలో నిర్మించిన ఈ ఆట 2021 మార్చిలో వెలువడింది. ఆ యేడాదే 'ది గేమ్ అవార్డ్స్' లో సంవత్సరపు మేటి ఆటగా పురస్కారం పొందింది. దీనిని ఒంటరిగా ఆడడానికి వీలులేదు. ఇద్దరు ఉండి తీరవలసిందే. ఇంట్లో రెండో మనిషి దొరకక ఆ కంట్రోలరు నా చేతికి వచ్చింది.

కథ క్లుప్తంగా ఇది. మే, కోడీ అనే దంపతులు విడాకులకు సిద్ధపడతారు. వారి కూతురు రోజ్ తాను చేసుకొన్న రెండు బొమ్మల మీద కన్నీరు కార్చగానే తల్లిదండ్రుల ప్రాణాలు ఆ బొమ్మలలోకి వెళతాయి. తల్లి కొయ్యబొమ్మ, తండ్రి మట్టిబొమ్మ. జానెడు ఎత్తుకు కుదించుకుపోయిన ఆ ఆలుమగలు తమ ఇంటి పనిముట్ల కొట్టమూ, పెరటి చెట్టూ, కూతురి ఆటబొమ్మల గదీ దాటుకొంటూ మళ్ళీ మనుషులు కావడానికి తంటాలు పడతారు.

ముందు గుణం చెప్పి పిదప దోషం చెప్పడం విమర్శకుడి ధర్మం. గుణం నిజంగా గొప్పదే. కొట్టంలో అతడికి మేకులిస్తారు, ఆమెకు సుత్తితల ఇస్తారు. అతడు గోడకు మేకు విసరి దిగవేస్తే ఆమె దానిని ఊతగా ఊగి అవతలికి దూకాలి. చెట్టులో ఒకరు జిగురు చిమ్మితే మరొకరు అగ్గిపుల్లతో దానిని పేల్చాలి. గడియారంలో ఒకరికి కాలాన్ని ముందుకూ వెనక్కూ నడిపే శక్తి, రెండోవారికి తన ప్రతిరూపాన్ని నిలిపే శక్తి. ఒక అధ్యాయంలోని సాధనం తరువాతి అధ్యాయంలో కనబడదు, ఎప్పటికప్పుడు కొత్తది. సంధి జరగడానికి పూర్వస్వరమూ పరస్వరమూ రెండూ ఉండాలని నేను జీవితమంతా చెప్పిన పాఠాన్ని ఈ ఆట చేతలలో చూపింది. పైగా ఒకరు కొంటే చాలును, దూరానున్న రెండోవారు ఉచితంగా కలిసి ఆడుకోవచ్చును. ఇది మెచ్చదగిన ఔదార్యం.

ఇక దోషం. రోజ్ కన్నీరే తమను మార్చింది కనుక, ఆమెను మళ్ళీ ఏడిపిస్తే శాపం వీడుతుందని ఆ తల్లిదండ్రులు నిశ్చయించుకొంటారు. అందుకు కూతురు ప్రాణప్రదంగా చూసుకొనే క్యూటీ అనే ఏనుగుబొమ్మను నాశనం చేయబూనుకొంటారు. క్యూటీ బొమ్మల కోటకు రాణి. వారిని ఆదరంగా పలకరిస్తుంది. విషయం తెలిసిన తరువాత వేడుకొంటుంది. ఇద్దరూ కలిసి దానిని ఈడ్చుకుపోతారు. కాలు ఊడుతుంది, చెవి తెగుతుంది. చివరకు ఎత్తునుండి కిందికి తోసివేస్తారు. రోజ్ ఏడుస్తుంది. ఆ కన్నీరు వారిమీద పడుతుంది. శాపం మాత్రం వీడదు.

అంతసేపూ ఈడ్చినది ఎవరు? నేనూ మా మనుమరాలూ. "తాతయ్యా, నేను లాగను" అని పిల్ల కంట్రోలరు ఒళ్ళో పడేసింది. ఒకరు లాగకపోతే ఆట కదలదు. అయిదు నిమిషాలు తెర అలాగే నిలిచిపోయింది. కాదనడానికి అక్కడ బటను లేదు. చివరకు ఇద్దరమూ లాగాము. ఇద్దరి చేతులూ కలిస్తే తప్ప పని జరగదన్న గుణమే ఇక్కడ ఇద్దరినీ పాపంలో పాలివాండ్రను చేసింది. నా అభియోగమంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

దీనికి సమర్థకులు మూడు సమాధానాలు చెబుతున్నారు.

ఒకటి, ఇది హాస్యమట. కరుణకూ హాస్యానికీ విరోధమని ఆలంకారికులు ఊరకే అనలేదు. ఇష్టనాశం వల్ల పుట్టే శోకాన్ని గొంతుదాకా తెచ్చి అక్కడ నవ్వమంటే నవ్వూ రాదు, ఏడుపూ నిలవదు. అది రసాభాసమే అవుతుంది.

రెండు, ఉత్త బొమ్మే కదా అట. ఈ మాట ఆట తీసినవారు అనడానికి వీలులేదు. మొదటి అధ్యాయంలోనే పాత వాక్యూం క్లీనరు చేత, నన్ను మూలపడేశారని నిష్ఠూరమాడించారు. వస్తువుకూ బాధ ఉంటుందని మనచేత ఒప్పించినది వారే. ఇక మన సంగతి. మా యింటి బొమ్మల కొలువులో కొండపల్లి అంబారీ ఏనుగు ఒకటి ఉండేది. నా చిన్నతనంలో దాని తొండం విరిగితే మా అమ్మ చింతపిక్కల జిగురులో రంపపుపొట్టు కలిపి అతికించి, మరుసటి యేడు మళ్ళీ కొలువులో పెట్టింది. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కొయ్యముక్కలను అతికేది ఇటువంటి మక్కుతోనే. ఉత్త బొమ్మ అనుకొంటే ఆమె దానిని పొయ్యిలో పెట్టేది.

మూడవ సమాధానం కొంత గట్టిది. తల్లిదండ్రుల స్వార్థం ఎంతటిదో చూపడానికే ఆ ఘట్టమట. సరే, సౌప్తికపర్వంలో అశ్వత్థామ నిద్రపోతున్న ఉపపాండవులను చంపాడు. వ్యాసుడు ఆ ఘోరాన్ని దాచలేదు. కాని ఆ రాత్రి కత్తి పట్టుకొమ్మని పాఠకుడికి ఇవ్వలేదు. ఆపైన శిరోరత్నం పోగొట్టుకొని, శాపం తగిలి తిరిగిన అశ్వత్థామనూ చూపాడు. అక్కడ పాపానికి ఫలం ఉన్నది. ఇక్కడ క్యూటీ పడిపోయిన తరువాత ఆట గోడగడియారంలోని కొత్త వింతలకు పరుగెత్తింది. ఆ దంపతులు తమ దాంపత్యాన్ని గురించి ఎంతో తెలుసుకొన్నారు. కూతురి గదిలో తాము చేసినదానిని గురించి నిలబడి తలవంచుకొన్న చోటు నాకు కనబడలేదు. స్వార్థాన్ని చూపడం వేరు, దానిని మాచేత చేయించి మరచిపొమ్మనడం వేరు.

సినిమాలో నేను సాక్షిని. పుస్తకంలో నేను శ్రోతను. ఆటలో నేను కర్తను. వ్యాకరణం తెలిసినవాడికి ఈ తేడా చాలును. కర్తను చేసినవారు కర్తకు స్వాతంత్ర్యమైనా ఇవ్వాలి, లేదా చేసిన క్రియకు ఫలమైనా చూపాలి. ఈ ఆట ఆ ఘట్టంలో రెండూ ఎగవేసింది.

ఆటను వెలివేయమని నేను అనడం లేదు. మేము పూర్తిగా ఆడాము. ఇంకొకరికి చెబుతాను కూడా. ఐరోపా వర్గీకరణలో ఇది 12 యేండ్లు నిండినవారికి తగినది. అంతకు చిన్నపిల్లలతో ఆడేవారు ఆ కోట అధ్యాయం ముందే చూసుకొనడం మంచిది.

పిల్ల ఊరికి వెళ్ళేటప్పుడు, ఆ ఏనుగు కాలు అతికే అధ్యాయం ఒకటి పెట్టి ఉండవలసిందని అన్నది. ఇన్ని కోట్లు పోసి తీసినవారికి అంతమాత్రం తోచలేదా అని నా ప్రశ్న. తోచనవసరం లేదనేవారు కారణం చూపి వ్యాఖ్య వ్రాయండి. ఒప్పుకోదగినదైతే ఈ టపా కిందనే నా తప్పు దిద్దుకొంటాను.

స్వస్తి.