మాల తీసిన మర్నాడు ఎక్కడికి వెళ్తావు, తమ్ముడూ?

నాదెండ్ల, సాతులూరు, తూబాడు, గణపవరం, చిరుమామిళ్ల... మండలంలోని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు విన్నపం!

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్లలో ఒక వింత చూస్తాం. రోజూ క్వార్టరు లేనిదే అన్నం దిగని మనిషి నల్లబట్టలు కట్టి, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, నలభై ఒక్క రోజులు షాపు వైపు చూడడు. శబరిమల నుంచి దిగి మాల తీసిన రాత్రే మళ్లీ అదే షాపు ముందు కనిపిస్తాడు. ఊరు నవ్వుతుంది. పెళ్లాం మాత్రం నవ్వదు.

"వాడికి మనసు గట్టిది కాదు" అని తేల్చేస్తాం. మేం ఒప్పుకోం. మనసు గట్టిది కాకపోతే ఆ నలభై ఒక్క రోజులు ఎలా గడిచాయి? దీక్షతో పాటు పొద్దున్నే లేపడానికి గురుస్వామి ఉన్నాడు. సాయంత్రం భజనలో పక్కన కూర్చోడానికి పదిమంది ఉన్నారు. 'స్వామీ' అని పిలిచే ఊరుంది. మాల తీయగానే అవన్నీ పోయి పాత జట్టు ఒక్కటే మిగిలింది. ఒంటరిగా ఒట్టు పెట్టుకుని ఎన్నాళ్లు నిలబడతాడు?

మాలతో, మతంతో పని లేకుండా ఏడాది పొడవునా ఆ పదిమందిని ఇచ్చే చోటు ఒకటుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏఏ. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో మొదలైంది. బిల్ అనే షేర్ల వ్యాపారి అప్పటికి కొన్ని నెలలుగా మందు మానేసి ఉన్నాడు. ఆక్రన్‌కు వచ్చిన పని చెడిపోయింది, చేతిలో డబ్బుల్లేవు, దిగిన హోటల్లోనే బారుంది. తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఆ పూట గట్టెక్కలేనని అతనికి తోచింది. ఫోన్లు చేసి చేసి, చివరికి బాబ్ అనే సర్జన్‌ను కలిశాడు. బాబ్ గారు చికిత్సలు చేసే డాక్టరే గానీ తన తాగుడు ఆపుకోలేకపోయారు. ఆ జూన్ 10న మానేశారు, మళ్లీ ముట్టలేదు. అలా ఇద్దరితో మొదలైంది.

మీటింగులో ఏం జరుగుతుంది? ఏం జరగదో ముందు చెప్తాం. హాజరు పట్టీ ఉండదు, ఫీజు ఉండదు, నీతిబోధ ఉండదు. ఇంటిపేరు, కులం అడగరు. విన్నది బయట చెప్పరు. మందు మానాలన్న కోరిక ఉంటే చాలు, అదే అర్హత. ఒకరి తర్వాత ఒకరు తమ కథ చెప్పుకుంటారు. జీవితాంతం మానేస్తానని ఎవరూ ఒట్టు వేయించుకోరు. ఈ ఇరవై నాలుగు గంటలు మానదాం, రేపటి సంగతి రేపు. ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉన్నాయి. వారం వారం డ్వాక్రా గ్రూపులో కూర్చుని లెక్కలు చూసుకున్న అక్కలకు ఇదేం కొత్త కాదు.

"షాపులు మూయిస్తే పోలా?" అంటారు కొందరు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. 2024లో కొత్త విధానం 99 రూపాయలకే క్వార్టరు తెచ్చింది. షాపుల మీద పోరాడాల్సిందే. అంతవరకు మీ ఇంట్లో మనిషి ఆగక్కర్లేదు కదా! కేంద్ర ప్రభుత్వం చేయించిన సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసైన ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని అందులో తేలింది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. చేతులు వణికేవాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆ తర్వాతే మీటింగు. ఇంకో మాట, అమ్మలకు: ఎవరో ఇచ్చిన పొడి ఆయనకు తెలియకుండా రసంలో కలపొద్దు. మందు మాన్పించే బిళ్లలు కొన్ని ఉన్నాయి, అవి వేసుకుని తాగితే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు. డాక్టరు రాసిందే వాడాలి, అదీ ఆయనకు తెలిసే వాడాలి.

దారి ఇదీ. 14446కు ఫోన్ చేయండి, వ్యసనాల నుంచి బయటపడేందుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. మనసు బాగోకపోతే 14416, రాత్రీ పగలూ పలుకుతారు. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడి డాక్టర్లను, నరసరావుపేట, చిలకలూరిపేట ఆసుపత్రుల వాళ్లను "దగ్గర్లో ఏఏ మీటింగు ఎక్కడ?" అని నోరు తెరిచి అడగండి. బస్సెక్కి వెళ్లి ఒక్క మీటింగులో కూర్చోండి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

రాకపోకలు కష్టమైతే మన ఊళ్లోనే పెట్టుకుందాం. మానాలనుకునే ఇద్దరు ముగ్గురు చేరితే గ్రూపు అయిపోతుందని ఏఏ నియమాలే చెప్తున్నాయి. బడి అరుగైనా, చర్చి వరండా అయినా, గుడి మండపమైనా సరే, వారానికో గంట ఇప్పించండి పెద్దలారా! మిర్చి కోతలప్పుడు కూలి డబ్బులు చేతికొచ్చే రోజు సాయంత్రం పెడితే మరీ మంచిది.

ఈ కాగితం మీకు అక్కర్లేకపోతే చింపకండి. అవసరమున్న ఇంటి గడపలో పెట్టి రండి.

ఇట్లు,
మండలంలో మందు మానినవాళ్లం, మానాలనుకుంటున్నవాళ్లం, వాళ్ల ఇంటివాళ్లం