డబ్బాలో పెసలు బతికే ఉన్నాయా?

మొన్న సాయంత్రం మా అమ్మాయి సైన్సు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ‘‘జీవుల లక్షణాలు... ఆహారం తీసుకోవడం, శ్వాసించడం, పెరగడం, స్పందించడం, తమలాంటి వాటిని పుట్టించడం...’’ అని అప్పజెబుతూ పెసల డబ్బా దగ్గర ఆగిపోయింది.

‘‘ఇవి తినవు, పెరగవు, గిల్లినా పలకవు. మరి వీటికి ప్రాణం ఉన్నట్టా, లేనట్టా?’’

పోపు మాడిపోతోందంటూ వాళ్ళమ్మ తప్పించుకుంది. నేను దొరికిపోయాను.

సమాధానం చెప్పే బదులు ఓ చిన్న పరీక్ష పెట్టాం. గుప్పెడు పచ్చి పెసలు ఒక గిన్నెలో, గుప్పెడు బాగా వేయించినవి ఇంకో గిన్నెలో నానబోశాం. తెల్లారేసరికి రెండూ ఉబ్బాయి. ‘‘అయితే రెండూ బతికే ఉన్నాయి’’ అని తీర్పు చెప్పేసింది. ఆగమన్నాను. నీళ్ళు పీల్చి ఉబ్బడానికి ప్రాణం అక్కర్లేదు. వానాకాలంలో మన తలుపు చెక్కా ఉబ్బుతుంది!

నీళ్ళు వంపేసి, రెండిటినీ విడివిడిగా తడిబట్టలో మూటగట్టాం. మర్నాటికి పచ్చి పెసలకు తెల్లటి మొలకలు. వేయించినవి ఎక్కడివక్కడే.

ఏమిటీ తేడా? వేయించిన గింజలో పిండిపదార్థం, మాంసకృత్తులు ఎక్కడికీ పోలేదు. కానీ వేడికి మాంసకృత్తుల ఆకృతి చెడింది, కణాల పొరలు దెబ్బతిన్నాయి. సరుకంతా ఉంది, పని జరిపించే ఏర్పాటే పోయింది. ప్రాణమంటే ఫలానా పదార్థం కాదు, కణంలో అవన్నీ కలిసి చేసే పని. పచ్చి గింజలో ఆ ఏర్పాటు చెక్కుచెదరకుండా ఉండి, నీళ్ళ కోసం ఎదురుచూస్తోంది.

ఎన్నాళ్ళు? ఇజ్రాయెల్‌లోని మసాడా కోట దగ్గర 1960లలో జరిగిన తవ్వకాల్లో ఖర్జూర గింజలు దొరికాయి. వాటిలో ఒకటి 2005లో నాటితే మొలిచింది. వయసు సుమారు 2000 ఏళ్ళు! ఎడారిలోని పొడి గాలి దాన్ని కాపాడింది.

అన్ని గింజలకూ అంత ఓపిక ఉండదు. తేమ ఉంటే గింజ మెల్లగా శ్వాసిస్తూ, దాచుకున్న ఆహారాన్ని ఖర్చు చేసేసుకుంటుంది. సరిగా ఆరని ధాన్యం రాశిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుందే, అది ఆ గింజలూ వాటికి పట్టిన బూజూ శ్వాసించడం వల్లే. అందుకే వడ్ల విత్తనంలో తేమ 13 శాతం మించకూడదనీ, నూటికి కనీసం 80 మొలకెత్తాలనీ ధ్రువీకరణ నిబంధన. ఈ లెక్కలేవీ తెలియకుండానే మా నాయనమ్మ విత్తనాలను పంటి కింద టక్కుమనేదాకా ఎండబెట్టి దాచేది.

చచ్చిన విత్తనం చూడ్డానికి బతికినదానిలాగే ఉంటుంది. తేడా తెలిసేది దున్ని, చల్లి, ఎదురుచూశాకే. అప్పటికి అదను దాటిపోతుంది. రైతుకు ఓ పంటకాలం పోయినట్టే. చల్లే ముందే నూరు గింజలు తడిగుడ్డలో కట్టి చూసుకుంటే ఆ నష్టం తప్పుతుంది.

ఇంతా విని మా అమ్మాయి ఇంకో డబ్బా తెచ్చింది. ‘‘మరి ఈ పొట్టు పెసరపప్పు? దీన్నెవరూ వేయించలేదుగా!’’

మీరూ ఓ గుప్పెడు నానబోయండి. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో పిల్లల్నే చెప్పమనండి.