పనిముట్టు ఎవరిది? ఫలితం ఎవరిది?

ఆ మధ్య విజయవాడలో స్వయం ఉపాధిమీద జరిగిన ఒక సభకు వెళ్లాను. వక్త చదువుకున్నవాడు, మంచి మాటకారి. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: ఈ కాలంలో స్వతంత్రంగా పని చేసుకునేవాడికి పెట్టుబడి అక్కర్లేదు. రాయటానికి, బొమ్మలు గియ్యటానికి, పుస్తకం పేజీలు కట్టటానికి, లెక్కలు వేసుకోవటానికి కావలసిన సాఫ్టువేరు అంతా ఉచితంగా దొరుకుతున్నది. కాలాన్ని క్రమశిక్షణతో వాడుకోవటం ఒక్కటి నేర్చుకుంటే చాలు. అప్పటికీ పైకి రానివాడు తన సోమరితనాన్నే తిట్టుకోవాలి.

సభలో చప్పట్లు మోగాయి. అలవాటుకొద్దీ నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాక ఆ చప్పట్లకు సిగ్గు వేసింది. ఎందుకంటే ఆయన పెట్టిన షరతులు రెండూ నేను నెరవేర్చినవాణ్ణే. పన్నెండేళ్లుగా నా బల్లమీద నడుస్తున్నది స్వేచ్ఛా సాఫ్టువేరే. తెల్లవారుజామున ఐదింటికల్లా కంప్యూటరు ముందు కూర్చుంటాను. అయినా పైకి రాలేదు. కాబట్టి నేను సోమరినైనా అయివుండాలి, ఆయన వాదం తప్పయినా అయివుండాలి. రెండోదే నిజమని చెప్పటానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

నా పని పుస్తకాలు కంపోజు చేసి పేజీలు కట్టటం. మధ్య మధ్య అనువాదం. పేజీకి ఇంత అని కూలి. జీతం లేదు, సెలవు లేదు, ప్రావిడెంటు ఫండు లేదు. దీనికి ఈ మధ్య స్వతంత్ర వృత్తి అని పేరు పెట్టారు.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న మాటకు డబ్బు అక్కర్లేనిది అనే అర్థమూ వుంది, స్వేచ్ఛగలది అనే అర్థమూ వుంది. ఆ భాషవాళ్లు ఈ రెంటినీ విడదీసి చెప్పలేక నలభై యేళ్లుగా అవస్థ పడుతున్నారు. మనకా అవస్థ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. అయినా మనం మన మాటలు వదిలిపెట్టి ‘ఫ్రీ’ అనే అంటాం, ఆ వక్తలాగే రెంటినీ కలిపేస్తాం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించినప్పుడు ఆయన కోరింది చవకగా దొరకటం కాదు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకునే హక్కు, దాన్ని విప్పి చూసి మార్చుకునే హక్కు, నకలు తీసి పక్కవాడికి ఇచ్చే హక్కు, తాను మార్చినదాన్ని నలుగురికీ పంచే హక్కు కోరాడు. ధర ప్రసక్తి ఇందులో ఎక్కడా లేదు. ఇది పనిముట్టుమీద పనివాడికి హక్కు వుండాలనే వాదం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు ఆ మరుసటి ఏడు ఈ హక్కుల పత్రం కిందికే వచ్చింది.

ఈ హక్కు విలువ నాకు పుస్తకాలు చదివి తెలియలేదు. దెబ్బతిని తెలిసింది. 2003లో ఒక పెద్దాయన నవల కంపోజు చేశాను. ఆ రోజుల్లో మన తెలుగు ఫాంట్లు చాలా భాగం ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు పెట్టి నడిపేవి. తెరమీద ‘క’ కనపడేది, ఫైలులో మాత్రం ఏదో ఇంగ్లీషు గుర్తు వుండేది. నేను వాడిన ఫాంటుకు తోడు ఒక డాంగిలు వుండేది. కంప్యూటరు వెనక ఆ తాళం గుచ్చితేగాని అక్షరం కనపడదు. పదేళ్ల తరవాత ఆ రచయిత పోయాడు. ఆయన భార్య పునర్ముద్రణ వేయించమని వచ్చింది. నేను ధైర్యంగా ఫైలు తీశాను. డాంగిలు చచ్చిపోయి వుంది. అమ్మిన సంస్థ ఆ వ్యాపారమే మానుకున్నది. తెరమీద అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు తప్ప ఏమీ లేవు. ఆవిడ నా వెనక నిలబడి, “ఇది ఆయన రాసిందేనా, బాబూ?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మూడు వందల పైచిలుకు పేజీలు పాత ప్రతి పక్కన పెట్టుకుని మళ్లీ కొట్టాను. ఫైలు వున్నది కదా, మళ్లీ కూలి ఏమిటని ప్రచురణకర్త దానికి పైసా ఇవ్వలేదు. 1991లో వెలువడిన యూనీకోడు మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికిందని, కంపెనీ తాళంతో నిమిత్తం లేకుండా అక్షరాన్ని దాచుకునే మార్గం అప్పటికే వుండిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను పాత కథ చెబుతున్నాననీ ఇప్పుడు తాళాలు పోయాయనీ అనుకోవద్దు. తాళం పోయి శిస్తు వచ్చింది. 2013లో అడోబీ కంపెనీ తన బొమ్మల, పేజీల ప్రోగ్రాముల కొత్త కూర్పులను ఇకమీదట చందా పద్ధతిలోనే ఇస్తానని ప్రకటించింది. తక్కిన పెద్ద కంపెనీలు అనేకం ఆ దారే పట్టాయి. ఒకసారి కొనుక్కున్న ప్రోగ్రాముతో పాత కంప్యూటరుమీద పదేళ్లు నెట్టుకొచ్చే అవకాశం చిన్న పనివాడికి లేకుండా పోయింది. నెల నెలా కడితే పనిముట్టు చేతిలో వుంటుంది, మానేస్తే వుండదు. పని వున్న నెలా, పని లేని నెలా శిస్తు ఒకటే. కౌలు రైతు సంగతి ఎరిగినవాళ్లకు దీన్ని నేను ఇంతకన్న వివరించనక్కర్లేదు.

ఇక్కడ నా అభ్యుదయ మిత్రులు కొందరు అడ్డు తగులుతారు. డబ్బు పెట్టని సరుకు నాసిగానే వుంటుందనీ, పైగా ఇదంతా అమెరికావాళ్ల సరదా అనీ అంటారు. మొదటి మాటలో కొంత నిజం వుంది. పేజీలు కట్టే స్క్రైబసులో చాలాకాలం తెలుగు వొత్తులు సరిగా కుదరలేదు. ‘స్త్రీ’ అని కొడితే మూడు ముక్కలై పడేది. 2024 జనవరిలో 1.6 కూర్పు వచ్చినదాకా నిశ్చింతగా వాడదగిన రూపంలో ఆ లోపం తీరలేదు. అంతదాకా నేను లిబ్రే ఆఫీసులోనే పేజీలు కట్టుకుని ప్రచురణకర్తలచేత మాటలు పడ్డాను. ఈ లోపాన్ని దాచి స్వేచ్ఛా సాఫ్టువేరును పొగడటం భజన అవుతుంది.

కాని ఆ లోపం ఎట్లా తీరిందో చూడండి. ఒమాన్ దేశంలో కొందరు తమ అరబ్బీ లిపికోసం ఆ ప్రోగ్రాములో అక్షరాలు పేర్చే భాగాన్ని తిరగరాశారు. అందుకు వాళ్లు హార్ఫ్‌బజ్ అనే పరికరాన్ని వాడారు. దాన్ని పెంచి పెద్ద చేసినవారిలో ముఖ్యుడు ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్. ఆ పేరు కూడా పారశీకమే. వాళ్లలో ఎవరూ తెలుగు పుస్తకాన్ని తలుచుకుని పని చెయ్యలేదు. అయినా వాళ్ల శ్రమ విజయవాడలో నా బల్లమీద ‘స్త్రీ’ అన్న మాటను నిలబెట్టింది. ఈనాడు మన ఫోన్లలో తెలుగు వొత్తులు సరిగా పడుతున్నాయంటే అందులో చాలావరకు ఆ హార్ఫ్‌బజ్ పనే. దీన్ని అమెరికా సరదా అనేవాళ్లకు అంతర్జాతీయత అంటే ఏమిటో మళ్లీ చెప్పాలి. 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొనేసినప్పుడు ఓపెన్ ఆఫీసును నమ్ముకుని పని చేస్తున్నవారిలో చాలామంది ఆ ప్రోగ్రాము నకలు తీసుకుని బయటికి నడిచి లిబ్రే ఆఫీసు పెట్టుకున్నారు. యజమాని మారితే పనివాళ్లు ఫాక్టరీ నకలును చంకన పెట్టుకుని వెళ్లిపోవటం మరే పరిశ్రమలోనైనా చూశామా?

మరి పనిముట్టు నాదైనప్పుడు నేనెందుకు పైకి రాలేదు? ఆ వక్తకు అసలు జవాబు ఇక్కడ వుంది.

మంగళగిరి వెళ్లి చూడండి, చీరాల వెళ్లి చూడండి. చాలా ఇళ్లలో మగ్గం నేతగాడిదే. నూలు మాత్రం మాస్టరు వీవరుది. చీర వెళ్లేదీ మాస్టరు వీవరు దగ్గరికే. నేతగాడికి దక్కేది మజూరీ. మగ్గం సొంతమైనంత మాత్రాన అతను స్వతంత్రుడు కాలేదు. నా స్థితి అంతకన్న వేరు కాదు. లిబ్రే ఆఫీసు నాది. రాతప్రతి ప్రచురణకర్తది, బజారు ప్రచురణకర్తది, ధర చెప్పేదీ అతనే. నేతగాడి ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టినట్టే నా ఇంట్లో నా భార్య ప్రూఫులు దిద్దుతుంది. ముద్రారాక్షసాలను ఆమె పట్టుకున్నట్టు నేను పట్టుకోలేను. ఆమెకు ఇంతవరకు ఎవరూ కూలి కట్టలేదు, నాతో సహా.

పన్నెండేళ్ల కింద రోజుకు ఇరవై పేజీలు కట్టేవాణ్ణి. శైలులు ముందే అమర్చుకోవటం, వెతికి మార్చే సూత్రాలు రాసుకోవటం నేర్చుకుని నలభైకి తెచ్చాను. రెండేళ్లపాటు ఆ లాభం నాకు దక్కింది. ఆ కిటుకులు తక్కినవాళ్లూ నేర్చుకున్నారు. నేర్పినవాళ్లలో నేనూ వున్నాను. అప్పుడు ప్రచురణకర్తలు, “ఇప్పుడు పని సుళువైపోయింది కదండీ” అని రేటు తగ్గించారు. ఇప్పుడు నలభై పేజీలు కడితే వెనక ఇరవైకి వచ్చినంత వస్తున్నది. మార్క్సు ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పీసు కూలిమీద ఒక అధ్యాయమే రాశాడు. పీసు రేటులో పనివాడు తన లాభంకోసమే తనను తొందరపెట్టుకుంటాడని, ఆ తొందరే పదిమందికీ మామూలై కొలతగా మారుతుందని దాని తాత్పర్యం. 1867లో అచ్చయిన మాట నా బల్లమీద రుజువైంది. మేస్త్రీ అవసరం కూడా లేకుండా పోయింది. మేస్త్రీ ఉద్యోగం నేనే చేసుకుంటున్నాను.

ఆ వక్త చెప్పిన కాల నియమం సంగతి కూడా ఇదే. 1911లో టేలరు అనే అమెరికన్ ఇంజనీరు శాస్త్రీయ నిర్వహణ అని పుస్తకం రాసి పనివాడి కదలికలను గడియారంతో కొలిపించాడు. కార్మికులు దానికి ఎదురు తిరిగారు. ఇప్పుడు ఆ గడియారాన్ని మనమే కొనుక్కుని మనకే పెట్టుకుంటున్నాం. టమాటా గడియారం పెట్టుకుని ఇరవై ఐదు నిమిషాలు తల ఎత్తకుండా పని చెయ్యమని ఒక పద్ధతి వుంది. దాన్ని నేనూ ఆచరించాను. పని సాగిన మాట నిజమే. కాని మిగిలిన గంటలో ఏం చేశానో తరవాత చూసుకుంటే, మరో ఫారం పేజీలు కట్టాను.

ఉత్పాదకతకు నేను శత్రువును కాను. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. చీరకు నాలుగైదు గంటలు పట్టే ఆ పని గంటన్నరకు వచ్చింది. చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పే బాధ ఆడవాళ్లకు తప్పింది. మిగిలిన శ్రమ శ్రమించేవాడికి విశ్రాంతిగా దక్కితే ఉత్పాదకత గొప్ప విషయం. రేటు కోతగా మారి ఇంకొకడి జేబులోకి పోతే దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టటం మోసం.

స్వేచ్ఛా సాఫ్టువేరు రాసేవాళ్లకూ ఈ మోసం తప్పలేదు. ఇంటర్నెట్టులో రహస్య సమాచారాన్ని కాపాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌ను ప్రపంచంలోని పెద్ద పెద్ద వ్యాపార సంస్థలు వాడుకుంటూ వచ్చాయి. 2014లో అందులో పెద్ద లోపం బయటపడ్డాక తెలిసిందేమిటంటే, దాన్ని చూసుకుంటున్నది గుప్పెడుమంది, పూర్తి కాలం పని చేసేవాడు ఒక్కడు, ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పంచుకోవటమనే ఉదాత్త గుణంమీద కూడా పెట్టుబడి వడ్డీ వసూలు చేసుకోగలదు.

అందుచేత పాత తాళాలకు తిరిగి వెళ్లాలా? అది రేటు కోశారని మగ్గం అమ్ముకోవటం లాంటిది. మగ్గం వుండాలి, సహకార సంఘమూ వుండాలి. నా వాదమంతా ఇంతే.

కాబట్టి మన సంఘాలవారికి నా మనవి. మన పుస్తకాలను, పత్రికలను ఎవరి తాళమూ అక్కర్లేని యూనీకోడు ఫైళ్లుగా దాచండి. రేపు మరో రచయిత భార్య నా వెనక నిలబడి ఆ ప్రశ్న అడగకూడదు. గురజాడ, గిడుగు, ధూర్జటి పేర్లతో స్వేచ్ఛగా వాడుకోదగిన ఫాంట్లు వున్నాయి. సాఫ్టువేరును తెలుగులోకి తెస్తున్న స్వేచ్ఛ వంటి సంస్థలు వున్నాయి. వాటికి మన భాషాజ్ఞానం కావాలి; దోషం కనపడితే తిట్టి ఊరుకోక రాసి పంపండి. ప్రజాధనంతో తయారైన నిఘంటువులూ, ఫాంట్లూ ప్రజలందరికీ తెరిచి వుండాలని ప్రభుత్వాలను అడగండి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్టువేరుతో నడుస్తుంటే మనకెందుకు చేతకాదు?

వీటన్నిటికంటె ముఖ్యమైనది, కంపోజు చేసేవాళ్లూ ప్రూఫులు దిద్దేవాళ్లూ అనువాదకులూ కూర్చుని పేజీకి ఒక కనీస రేటు నిర్ణయించుకోవాలి. అంతకు తక్కువకు ఎవరూ పని ఒప్పుకోగూడదు. ప్రూఫులకు విడిగా కూలి వుండాలి. ఈ పని ఏ సాఫ్టువేరూ మనకు చేసిపెట్టదు. శ్రామికుల తరఫున పుస్తకాలు వేసే మన ప్రచురణకర్తలు కూడా ఆ పుస్తకాలు కట్టిన శ్రామికుడికి ఎంత ఇస్తున్నారో ఒకసారి లెక్క చూసుకోవాలి. ఆ లెక్క వాళ్లు బయటపెట్టిన రోజున, ఈసారి సిగ్గుపడకుండా, నేను చప్పట్లు కొడతాను.