గోడమీద బొమ్మలు



గత నెల మా వడ్డాదిలో ఒక సహోదరి ఇంట గృహ ప్రార్థనకు వెళ్ళాను. ప్రార్థన ముగిశాక ఆమె, "అయ్యగారూ, మా వాడికి కాస్త బుద్ధి చెప్పండి. తొమ్మిదో తరగతికొచ్చాడు, పుస్తకం తెరిస్తే బొమ్మలే. సున్నమేసిన గోడంతా బొగ్గుతో పాడుచేశాడు" అన్నది.

గోడ చూచాను. రెండు ఎద్దులు, ఒక తాటిచెట్టు. పక్కనే వాళ్ళ మామ్మ చేట పట్టుకొని బియ్యం చెరుగుతూ ఉన్నది. ముసలమ్మ వీపు ఎలా వంగి ఉంటుందో అలాగే వంచాడు. మందలించుటకు తెరచిన నోరు మూసుకున్నాను.

దానికి కారణమున్నది. చాలా ఏళ్ళ క్రితం, నేను సేవకు కొత్తగా వచ్చిన దినాలలో, సండే స్కూల్లో ఒక పిల్లవాడు వాక్యం వినక నా బొమ్మే వేస్తున్నాడని నోటుపుస్తకం లాగుకున్నాను. మరుసటి ఆదివారం అతడు రాలేదు. ఆ తరువాతా రాలేదు. ఆ పుస్తకం ఇంకా నా పెట్టెలోనే ఉన్నది.

ఆ తల్లికి వడ్డాది పాపయ్యగారి సంగతి చెప్పాను. మా ఊరి పేరే ఆయన ఇంటిపేరు. మీలో పెద్దవారు 'చందమామ' అట్టమీద మూలన "వ.పా." అన్న సంతకం చూచే ఉంటారు. ఆయన 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టారు. చిత్రకళాశాలలో చదివినవారు కారు. అయితే గురువే లేడనుట సరికాదు, తండ్రి రామమూర్తిగారు డ్రాయింగు మాస్టారు. ఇంట్లో కుంచె, రంగులు ఉన్నవి. అంతకంటె పెద్ద సంగతి, పిల్లవాడు వాటిని ముట్టుకుంటే చేయి విరగ్గొట్టేవారు లేరు.

బాల్యంలో ఆయన రవివర్మ వేసిన కోదండరాముని పటం చూచి, తానూ అదే బొమ్మ వేశారు. "అది వారి దేవుని పటం గదా అయ్యగారూ" అని మీలో ఎవరైనా అనవచ్చు. నేను చెప్పేది పటాన్ని గూర్చి కాదు, దాని ముందు పెన్సిలు పట్టుకొని కూర్చున్న పిల్లవాణ్ణి గూర్చి. రవివర్మ 1894లో బొంబాయి దగ్గర అచ్చు యంత్రం పెట్టినందున ఆయన బొమ్మలు మామూలు ఇండ్ల గోడలకూ చేరినవి. ఆ రవివర్మ కూడా చూచి నేర్చుకున్నవాడే. తిరువనంతపురం రాజాస్థానంలో నూనె రంగుల పని తెలిసిన చిత్రకారుడు అతనికి నేర్పుటకు ఒప్పుకోలేదు. 1868లో థియోడర్ జెన్సన్ అనే దొర వచ్చి అక్కడ బొమ్మలు వేస్తుంటే, పక్కన నిలబడి చూచి గ్రహించాడు.

పాపయ్యగారికి ఆ ఆసక్తి వయసుతో తగ్గలేదు. చందమామకు ఏళ్ళ తరబడి అట్టబొమ్మలు వేశారు, 'యువ' వంటి పత్రికలకూ వేశారు. ఋతువులు, రాగాలు, పల్లె స్త్రీలు, అన్నీ రంగులలో చూపించారు. ఇంత పేరు వచ్చినా సభలకూ సన్మానాలకూ దూరంగా, మనకు దగ్గరలోని కశింకోటలో నివసించారు. 1992 డిసెంబరు 30న కన్నుమూశారు. నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలుకు చేతిపనిలో కలిగిన నేర్పును గూర్చి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను గాని, అలాంటి చేయి నా సంఘంలోనే బొగ్గుముక్క పట్టుకొని ఉంటుందని తలంచలేదు.

అంతా విని ఆ తల్లి ఒకటే అడిగింది. "దాంతో అన్నం దొరుకుతుందా అయ్యగారూ?"

దొరుకునని నేను మాట ఇవ్వలేదు. పాపయ్యగారి కాలంలో బొమ్మలు వేయించుకునే పత్రికలు ఉండేవి. ఇప్పుడు చందమామే రావడం లేదు. సైనుబోర్డులు రాసేవారి పని ఫ్లెక్సీలు తినివేసినవి. అందుచేత చదువు మానవద్దని అబ్బాయికి గట్టిగానే చెప్పాను. అయితే దారులు లేకపోలేదు. ప్రభుత్వ పరీక్షల శాఖ వారు డ్రాయింగులో లోయరు, హయ్యరు పరీక్షలు పెడతారు. ఇంటర్మీడియట్ తరువాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల డిగ్రీ ఉన్నది. ఈ సంగతి తెలియకనే మన పల్లెలలో ఎందరో తల్లిదండ్రులు పిల్లల చేతిలో పెన్సిలు విరిచివేస్తున్నారు. నేనూ ఒకప్పుడు ఆ పనే చేసినవాణ్ణి.

తరువాతి వారం చోడవరం వెళ్ళినప్పుడు ఒక డ్రాయింగు పుస్తకం, రెండు పెన్సిళ్ళు, రంగుల పెట్టె కొన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఇచ్చాను. అబ్బాయి పుస్తకం తెరవకుండా గుండెకు ఆనించుకొని, "మరి గోడమీద మామ్మ బొమ్మ చెరిపేయాలా అయ్యగారూ?" అన్నాడు.

నేను జవాబు చెప్పకముందే తల్లి అందుకున్నది. "క్రిస్మసుకి సున్నమేసేదాకా ఉండనీలే."