వైద్య పరిభాష – ప్రజల భాష

రోగికి మందు ఎంత అవసరమో, తన వ్యాధి ఏమిటో తెలియడమూ అంతే అవసరం. వైద్యుని మాట అర్థం కానప్పుడు మంచి మందు కూడా సక్రమంగా వాడబడదు. అంతఃస్రావ వ్యవస్థకు సంబంధించిన పదాలే ఇందుకు నిదర్శనం.

శరీరంలోని కొన్ని గ్రంథులు తమ స్రావాలను నాళాల ద్వారా కాక నేరుగా రక్తంలోకి విడుస్తాయి. అందుకే వాటిని వినాళ గ్రంథులు అంటారు. ఆ స్రావాలే హార్మోనులు. ‘ప్రేరేపించేది’ అనే అర్థంగల గ్రీకు పదం నుండి ఏర్పడిన ఈ పేరును ఆంగ్ల శాస్త్రవేత్త స్టార్లింగ్ 1905లో లోకానికి పరిచయం చేశాడు.

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా ఆసుపత్రి వసారాలో కూర్చున్నవారి నోట ‘థైరాయిడ్ వచ్చింది’, ‘షుగర్ ఉంది’ అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. నిజానికి థైరాయిడ్ వ్యాధి కాదు. ప్రతి మనిషి మెడలోనూ ఉండే గ్రంథి. అది మందగిస్తే నీరసం కలుగుతుంది, బరువు పెరుగుతుంది. మితిమీరి పనిచేస్తే గుండె దడ కలుగుతుంది, బరువు తగ్గుతుంది. ఒకదానికి ఇచ్చే మందు మరొకదానికి హాని చేస్తుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే, పొరుగింటివారి మాత్ర తనకూ పనికివస్తుందని రోగి భ్రమపడవచ్చు. ‘షుగర్’ అనే పేరూ అటువంటిదే. చక్కెర మానితే చాలునని, అన్నం ఎంత తిన్నా దోషం లేదని తలచేవారున్నారు. వరి పండే సీమలో ఈ అపోహ చిన్నది కాదు. అన్నం కూడా జీర్ణమై గ్లూకోజుగానే రక్తంలో చేరుతుంది.

అయితే తెలుగు పుస్తకాలలోని పదాలన్నీ సుబోధకాలేనా? 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి విజ్ఞానశాస్త్రాలను తెలుగులో చదువుకొనే అవకాశం కల్పించింది. ఆ సేవ మరువరానిది. ‘అధివృక్క గ్రంథి’ అనగా మూత్రపిండం పైన ఉండేది. పేరే దాని చోటును తెలుపుతుంది. కాని థైరాయిడ్‌ను ‘అవటు గ్రంథి’ అన్నారు. సంస్కృతంలో అవటువు అంటే మెడ వెనుక భాగం; గ్రంథి ఉన్నదేమో మెడ ముందు భాగంలో! ఇటువంటి పదం పరీక్షకు పనికివస్తుందేమో కాని రోగికి పనికిరాదు.

క్లోమంలో అక్కడక్కడ గుంపులుగా ఉన్న కణాలను 1869లో జర్మనీకి చెందిన వైద్య విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ గుర్తించాడు. అవి దీవులవలె కనిపించడంచేత, వాటి నుండి వెలువడే హార్మోనుకు ‘దీవి’ అనే అర్థంగల లాటిన్ పదం నుండి ఇన్సులిన్ అనే పేరు వచ్చింది. కెనడాలోని టొరంటోలో 1922 జనవరిలో మొదటిసారిగా ఒక మధుమేహ బాలునికి దానిని ఎక్కించారు. తెలుగు పాఠ్యపుస్తకాలు ఆ కణసమూహాలను ‘లాంగర్‌హాన్స్ పుటికలు’ అంటాయి. కొల్లేటి జనులకు ఆ మాట కొత్త. కాని నీటి నడుమ తేలిన మెరకను వారు తరతరాలుగా లంక అంటున్నారు. గుడివాకలంక వంటి ఊరి పేర్లే ఇందుకు సాక్ష్యం. ‘క్లోమంలో చిన్న చిన్న లంకలున్నాయి, ఇన్సులిన్ అక్కడే పుడుతుంది’ అని చెబితే ఆ ప్రాంతపు పడవవాడు కూడా ఇట్టే గ్రహిస్తాడు.

వైద్యశాస్త్రం ఆంగ్లంలో ఉండగా తెలుగు పదాలెందుకని కొందరి వాదన. ఏలూరులో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలలోనూ బోధన ఆంగ్లంలోనే సాగుతుంది. ప్రపంచ విజ్ఞానాన్ని అందుకోవడానికి అది అవసరమే. కాని అక్కడ చదివినవారి వద్దకు వచ్చే రోగులు తమ బాధను చెప్పుకొనేది తెలుగులో.

కనుక పరభాషా పదాలను వెళ్లగొట్టవలసిన పని లేదు. రైలు, బస్సులవలె హార్మోను, ఇన్సులిన్ కూడా తెలుగు మాటలైపోయాయి. వాటి భావాన్ని ప్రజల పలుకుబడిలో వివరించడమే కావలసినది. ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన రోగి తన వ్యాధిని ఇంటివారికి తప్పు లేకుండా చెప్పగలగాలి. పరిభాషకు అసలైన పరీక్ష అదే.